బ్రౌజరు పని పైథానుకు ఒప్పగిస్తే

శనివారం సాయంత్రం మన సంఘం ఆఫీసు గదిలో దీపం వెలుగుతున్నదంటే లోపల మాస్టారు ఉన్నారని గుర్తు. ఆయన ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, సంఘానికి విద్యా కార్యదర్శి. బరంపురంలోను, చుట్టుపట్ల గ్రామాలలోను ఉన్న మన పేద కుటుంబాల పిల్లల చేత ప్రభుత్వ విద్యార్థి వేతనాలకు దరఖాస్తులు పెట్టించడం ఆయన నెత్తిన వేసుకొన్న పని. రెండేళ్ల క్రితం అట్లాంటి దరఖాస్తులు 63 ఉండేవి.

దరఖాస్తు పెట్టినంత మాత్రాన పని తీరిపోదు. అది బడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పైకి పోవాలి. నడుమ ఎవరికైనా ఏదో ఒక కాగితం సరిగా లేదని తోస్తే, ఇంటర్నెట్టులోని పుటలో 'సవరణకు తిరిగి పంపబడినది' అని ఒక్క ముక్క పడుతుంది. కొద్ది రోజులలో సవరించి పంపకపోతే ఆ యేటికి ఆ వేతనం పోయినట్టే. ఇంటికి ఉత్తరం రాదు. ఫోనుకు కబురు వస్తుందంటారు. వచ్చేది తండ్రి ఫోనుకు. ఆ తండ్రి సూరత్తు మిల్లులో ఉంటాడు. నెంబరు ఎప్పుడో మారిపోయి ఉంటుంది.

అందుచేత మాస్టారు ప్రతి శనివారం కూర్చుని 63 మార్లు ఒకే పని చేసేవారు. పుట తెరవడం, దరఖాస్తు సంఖ్య కొట్టడం, పుట్టిన తేదీ కొట్టడం, మీట నొక్కడం, వచ్చిన ముక్క చదివి నోటు పుస్తకంలో గుర్తు పెట్టుకోవడం. ఒక్కొక్కదానికి మూడు నిమిషాలు వేసుకొన్నా మూడు గంటలు దాటుతుంది.

ఆ సంవత్సరం కార్తికంలో మాస్టారికి జ్వరం తగిలి రెండు శనివారాలు రాలేకపోయారు. మూడవ వారం వచ్చి చూచేసరికి, పదకొండవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి దరఖాస్తు తిరిగి వచ్చి ఉన్నది. గడువు రెండు రోజుల క్రితమే దాటింది. తప్పు ఏమంటే, బ్యాంకు ఖాతాలోని పేరుకూ బడి రికార్డులోని పేరుకూ ఒక్క అక్షరం తేడా. సంఘం నిధి నుంచి కొంత ఇచ్చాము. అది పుస్తకాలకు సరిపోయింది గాని హాస్టలు ఖర్చుకు చాలలేదు. ఆ పిల్ల హాస్టలు వదిలి, మిగిలిన సంవత్సరమంతా రోజూ బస్సులో వచ్చి పోయింది. "జ్వరం నాకు వచ్చింది, నష్టం ఆ పిల్లకు వచ్చింది" అని మాస్టారు ఇప్పటికీ అంటూ ఉంటారు.

ఆ సంక్రాంతికి, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మన సభ్యుల అబ్బాయి ఒకడు ఇంటికి వచ్చి, మాస్టారికి నమస్కారం పెట్టిపోదామని ఆఫీసుకు వచ్చాడు. కాసేపు వెనుక నిలబడి చూచాడు.

"ఇదంతా చేత్తో చేస్తున్నారా, మాస్టారూ?"

"చేత్తో కాక కాలితో చేస్తారా, నాయనా?"

"కాదండి. మా ఆఫీసులో రోజంతా మేము చేసే పని ఇదే. అయితే మీటలు మేము నొక్కం. ప్రోగ్రాము వ్రాసి, బ్రౌజరు చేత నొక్కిస్తాం."

అక్కడ మొదలయింది మేము ఈ వ్యాసంలో చెప్పబోయే సంగతి.

చికాగోలో పుట్టిన ఉపాయం

బ్రౌజరు మనకు కొత్తది కాదు. క్రోము, ఫైర్‌ఫాక్సు, సఫారీ అని ఫోనులోను కంప్యూటరులోను ఇంటర్నెట్టు పుటలను తెచ్చి మన ముందు పరచే సాధనాలే బ్రౌజర్లు. దానిని మనిషి వేలితో నడపవచ్చు, ప్రోగ్రాముతోనూ నడపవచ్చు. ఈ రెండవ మార్గం సాఫ్ట్‌వేరు కంపెనీల అవసరం కోసం పుట్టింది.

మన యిళ్ల పిల్లలు చాలామంది 'టెస్టింగులో ఉన్నాం' అంటారు. అదేమి పని అంటే తల్లిదండ్రులు చెప్పలేరు. ఒక బ్యాంకువారి పుటలో ఒక చిన్న మార్పు చేశారనుకొందాం. ఆ మార్పు వలన ఇంకెక్కడా ఏదీ చెడలేదని తేల్చుకోవాలంటే పాత మీటలన్నీ మళ్లీ నొక్కి చూడాలి. రేపు ఇంకొక మార్పు. మళ్లీ అన్నీ నొక్కాలి. 2004లో చికాగోలో, థాట్‌వర్క్స్ అనే కంపెనీలో పనిచేస్తున్న జేసన్ హగ్గిన్స్ ఈ నొక్కుడు పనితో విసిగిపోయాడు. ఉద్యోగులు తమ పనిగంటలు, ఖర్చులు నమోదు చేసుకొనే లోపలి పుట ఒకటి ఆయన పరీక్షించవలసి ఉండేది. చేత్తో పదే పదే చేయడం కంటె, బ్రౌజరును నడిపే ప్రోగ్రామునే వ్రాసుకొన్నాడు. దానికి సెలీనియం అని పేరు పెట్టారు. ఆ రోజుల్లో ఇట్లాంటి పరీక్ష సాధనాలు అమ్మే పెద్ద కంపెనీ పేరులో 'మెర్క్యురీ', అంటే పాదరసం, ఉన్నది. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అని హాస్యమాడి పెట్టిన పేరు అది.

సెలీనియాన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. సైమన్ స్టూవర్ట్ అనే ఆయన వెబ్‌డ్రైవర్ అని మరొక సాధనం తయారుచేశాడు. 2009లో రెంటినీ కలపాలని నిశ్చయించి, 2011లో కలిపి విడుదల చేశారు. 2018 జూనులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం వెబ్‌డ్రైవరును ప్రమాణంగా ఆమోదించింది. అంటే, ఏ కంపెనీ బ్రౌజరు అయినా బయటి ప్రోగ్రాము చెప్పే ఆజ్ఞలను ఒకే పద్ధతిలో వినడానికి ఏర్పాటు జరిగింది.

2017లో క్రోము బ్రౌజరును తెర మీద కనబడకుండా, లోలోపలనే నడిపే సదుపాయం వచ్చింది. ఆ యేడే గూగులువారు పప్పెటీర్ అనే సాధనం తెచ్చారు. మన తోలుబొమ్మలాటలో తెర వెనుక నుండి బొమ్మలను ఆడించేవాడు ఉంటాడే, ఆ పేరే అది. దానిని తయారుచేసినవారిలో కొందరు మైక్రోసాఫ్టుకు మారి, 2020 జనవరిలో ప్లేరైట్, అంటే నాటకకర్త, అనే సాధనాన్ని విడుదల చేశారు. అది క్రోము జాతి బ్రౌజరును, ఫైర్‌ఫాక్సును, సఫారీకి ఆధారమైన వెబ్‌కిట్‌ను మూడింటినీ నడుపుతుంది. పైథాను భాషలో దానికి ఆజ్ఞలు వ్రాసే వీలు కూడా ఆ యేడే వచ్చింది. మన అబ్బాయి మాస్టారి కోసం ఎంచుకొన్నది ఇదే.

పైథాను అంటే పాము కథ కాదు. నెదర్లాండ్స్ దేశస్థుడు గీడో వాన్ రోసమ్ 1989 క్రిస్మసు సెలవులలో మొదలుపెట్టి, 1991లో బయటపెట్టిన కంప్యూటరు భాష అది. ఇంగ్లండులో వచ్చిన ఒక హాస్య టెలివిజను కార్యక్రమం పేరులోని మాట తీసుకొని ఆయన దీనికి పెట్టాడు. చదివితే ఇంచుమించు ఇంగ్లీషు వాక్యాల వలె ఉండడం చేత కొత్తవారికి త్వరగా పట్టుబడుతుంది.

తెచ్చేది వేరు, నడిపేది వేరు

ఇక్కడ ఒక భేదం తెలుసుకోవాలి. కంప్యూటరులో బొమ్మలూ మీటలూ లేకుండా, అక్షరాలలో ఆజ్ఞ కొట్టి పని చేయించుకొనే నల్లని కిటికీ ఒకటి ఉంటుంది. దానిని కమాండ్ లైను అంటారు. అక్కడ ఒక్క వరుస కొట్టి ఇంటర్నెట్టు పుటను తెప్పించుకోవడం పాత విద్యే. స్వీడన్ దేశంలో డేనియల్ స్టెన్‌బర్గ్ అనే ఆయన, కబుర్లు చెప్పుకొనే ఒక ఇంటర్నెట్టు గదిలో అడిగినవారికి విదేశీ నాణేల మారకం ధరలు చెప్పే చిన్న ప్రోగ్రాము కోసం, ఆ ధరలున్న పుటను తెచ్చే సాధనం వెదికాడు. అప్పటికే ఉన్న ఒక చిన్న ప్రోగ్రామును తీసుకొని పెంచుతూ పోయాడు. 1998లో దానికి కర్ల్ అని పేరు పెట్టాడు. నాణేల ధరల కోసం పుట్టిన ఆ పనిముట్టు ఈనాడు కార్లలోను, టెలివిజన్లలోను, ఫోన్లలోను కూడా చేరిపోయింది.

మరి మాస్టారి పనికి కర్ల్ చాలదా? చాలదు. ఈ కాలపు పుటలు చాలావరకు సిద్ధంగా ఉండవు. ఆఫీసువారి కంప్యూటరు నుండి వచ్చేది సగం సరుకే. పుటతోపాటు వచ్చే జావాస్క్రిప్టు అనే ఆజ్ఞలను బ్రౌజరు అమలు జరిపితేనే మనం చూచే అక్షరాలు ఏర్పడతాయి. కర్ల్ బియ్యం తెచ్చి పెడుతుంది. అన్నం వండేది బ్రౌజరు. మా పుటలో మీట నొక్కి కొంత ఆగితే గాని స్థితి కనబడదు. అందుచేత నిజమైన బ్రౌజరునే నడపవలసి వచ్చింది.

అయితే అన్నింటికీ బ్రౌజరు అక్కరలేదు. కావలసిన సమాచారాన్ని ఆఫీసువారే పట్టికగా ఇస్తుంటే అది తీసుకోవడం అన్నిటికంటె మేలు. మామూలు పుట అయితే కర్ల్‌తో తెచ్చుకోవచ్చు. ఈ రెండూ కుదరనప్పుడే బ్రౌజరును నడిపే పని పెట్టుకోవాలి.

ప్రోగ్రాము ఎట్లా నడుస్తుంది

మొదట కంప్యూటరులో పైథాను ఉండాలి. తరువాత కమాండ్ లైనులో ఇంగ్లీషు అక్షరాలతో రెండు ఆజ్ఞలు కొట్టాలి. 'పిప్ ఇన్‌స్టాల్ ప్లేరైట్' అన్నది సాధనాన్ని తెస్తుంది. 'ప్లేరైట్ ఇన్‌స్టాల్' అన్నది అది నడిపే బ్రౌజర్లను తెస్తుంది. రెండూ ఉచితమే.

మూడవ ఆజ్ఞ 'ప్లేరైట్ కోడ్‌జెన్'. మాస్టారు ఆశ్చర్యపోయింది దీనికే. ఇది కొట్టగానే ఒక బ్రౌజరు, దాని పక్కన ఒక చిన్న కిటికీ తెరుచుకొంటాయి. మాస్టారు రోజూ చేసినట్టే ఒక పిల్లవాని సంఖ్య, తేదీ కొట్టి మీట నొక్కారు. ఆయన ఒక్కొక్క పని చేస్తున్నకొద్దీ, ఆ పనికి సరిపోయే పైథాను వాక్యం పక్క కిటికీలో దానంతట అదే పడుతూ వచ్చింది. గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకొని పని చూపించినట్టే.

ఆ వాక్యాలను మన అబ్బాయి సరిదిద్ది ప్రోగ్రాముగా కుదిర్చాడు. మాస్టారి నోటు పుస్తకాన్ని ముందు పట్టికగా మార్చుకొన్నాము. ప్రోగ్రాము ఆ పట్టికలో ఒక్కొక్క వరుస తీసుకొంటుంది, పుట తెరుస్తుంది, సంఖ్య, తేదీ నింపుతుంది, మీట నొక్కుతుంది, జవాబు చదివి పట్టికలో వ్రాస్తుంది, పది సెకన్లు ఆగి తరువాతి వరుసకు పోతుంది. అంతా ముగిసిన తరువాత క్రిందటి వారపు పట్టికతో పోల్చి, మారిన పేర్లను మాత్రం చూపుతుంది. మొత్తం 60 పంక్తులు మించలేదు.

ఇందులో రెండు మెలకువలు ఉన్నాయి. గడిని ఎట్లా గుర్తుపట్టాలన్నది మొదటిది. 'పైనుంచి మూడవ గడి' అని చెబితే, రేపు పైన ఇంకొక గడి చేర్చగానే లెక్క తప్పుతుంది. 'పుట్టిన తేదీ అని వ్రాసి ఉన్న గడి' అని చెబితే అది ఎక్కడికి జరిగినా దొరుకుతుంది. ప్లేరైట్‌లో ఈ రెండవ పద్ధతికి సదుపాయం ఉన్నది. రెండవ మెలకువ ఆగడం. మనిషి అయితే పుట వచ్చేదాకా చూస్తాడు. ప్రోగ్రాముకు ఆ ఓర్పు నేర్పాలి. ప్లేరైట్ తనంతట తానే మీట కనబడి నొక్కడానికి వీలయ్యేవరకు ఆగుతుంది. మనం వేరే చెప్పకపోతే 30 సెకన్లు చూచి, అప్పటికీ కాకపోతే తప్పు జరిగిందని చెబుతుంది. ఆ క్షణాన తెర ఎట్లా ఉన్నదో ఫోటో తీసి దాచమని కూడా చెప్పవచ్చు.

ఈ ప్రోగ్రామును శనివారం ఉదయం ఆరు గంటలకు దానంతట అదే మొదలయ్యేట్టు కంప్యూటరుకు వేళ చెప్పి ఉంచాము. లినక్సులో దీనికి క్రాన్ అనే సాధనం, విండోసులో టాస్క్ షెడ్యూలర్ ఉన్నాయి. నిరుడు దరఖాస్తులు 71కి పెరిగినా పని అరగంట లోపలే ముగిసేది.

యంత్రం చెప్పిన పాత నిజం

ఇంతవరకూ చదివి, ఇక మనిషితో పని లేదనుకొంటే పొరపాటు. నిరుడు మార్గశిరంలో ఒక శనివారం ప్రోగ్రాము 'ఎవరి దానిలోను మార్పు లేదు' అన్నది. కాగితం చూచి మేము సంతోషించాము. మాస్టారు మాత్రం పరీక్ష పేపర్లు దిద్దిన అలవాటు చొప్పున, ఏదో అయిదు పేర్లు తీసి చేత్తో చూచారు. మూడవ పేరు దగ్గర ఆగారు. ప్రోగ్రాము 'బడిలో ఉన్నది' అంటున్నది. తెర మీద 'జిల్లాలో ఆమోదించబడినది' అని ఉన్నది.

బెంగుళూరుకు ఫోను చేస్తే కారణం తేలింది. ఆఫీసువారు పుటను మార్చారు. ఇదివరకు స్థితి ఒక్క వరుసగా ఉండేది. ఇప్పుడు మొదటి నుండి జరిగినదంతా వరుసలుగా, పాతది పైన, కొత్తది అడుగున వేస్తున్నారు. మన ప్రోగ్రాము అలవాటు ప్రకారం మొదటి వరుసే చదివింది. గడి దొరికింది, అక్షరాలు దొరికాయి. కాబట్టి తప్పు జరిగిందని చెప్పనూ లేదు. అబద్ధం ఆడలేదు గాని, పాత నిజం చెప్పింది. సరిదిద్ది మళ్లీ నడిపితే రెండు దరఖాస్తులు తిరిగి వచ్చి ఉన్నాయి. నాలుగు రోజులే గడువు మిగిలి ఉన్నది.

ఆ రోజు మాకు అర్థమయిన విషయం ఇది: చేత్తో చేసేటప్పుడు జ్వరం వస్తే పని ఆగిపోతుంది, ఆగిందని అందరికీ తెలుస్తుంది. యంత్రానికి జబ్బు చేసినప్పుడు పని ఆగదు. తప్పుగా జరిగిపోతూ ఉంటుంది, ఎవరికీ తెలియదు. పని చెడితే అది కేకవేసేట్టు ప్రోగ్రాము వ్రాయాలి. ఇప్పుడు ప్రతి స్థితితోపాటు దాని తేదీ కూడా చదివిస్తున్నాము. తనకు తెలిసిన మాటలు కాక వేరే మాట కనబడితే, తేదీలు పొసగకపోతే, 'మార్పు లేదు' అనకుండా 'తెలియలేదు, మనిషి చూడాలి' అని వ్రాస్తుంది. ఇదిగాక ప్రతి వారం వేర్వేరు అయిదు పేర్లు మాస్టారు చేత్తో చూచి తీరవలసిందే.

ఎక్కడ ఆగాలి

చేయగలిగినదంతా చేయదగినది కాదు. దరఖాస్తు సవరించాలంటే లోపలికి ప్రవేశించాలి. అక్కడ వంకర అక్షరాలు చూపి, చదివి కొట్టమంటారు. దానిని కాప్చా అంటారు. 2003లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిపై వ్యాసం ప్రచురించారు. వచ్చినది మనిషా యంత్రమా అని తేల్చుకోవడానికి పెట్టిన వాకిలి అది. దానిని యంత్రం చేత దాటించే మార్గాలు ఉన్నాయని కొందరన్నారు. మేము వద్దన్నాము. మనుషులు మాత్రమే రావాలని వ్రాసిన గుమ్మంలో యంత్రాన్ని దొంగగా పంపడం మర్యాద కాదు. స్థితి చూచే పుటకు అట్లాంటి కాపలా లేదు. అయినా జిల్లా కార్యాలయంలో అడిగి, నెమ్మదిగా చూచుకోవచ్చునన్న తరువాతనే పూనుకొన్నాము.

యంత్రాలు ఏ పుటలకు రావద్దో చెప్పే మర్యాద కూడా ఒకటి చాలాకాలంగా ఉన్నది. 'రోబాట్స్' అనే చిన్న కాగితాన్ని పుటల యజమానులు తమ వాకిట ఉంచుతారు. 1994లో మార్టైన్ కోస్టర్ సూచించిన ఈ ఆచారాన్ని 2022లో ఇంటర్నెట్టు ప్రమాణ పత్రంగా ప్రకటించారు. ప్రోగ్రాము వ్రాసేవారు ముందు అది చదవాలి. మన దేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటరు వ్యవస్థలో ప్రవేశించడమూ, దాని పనికి అంతరాయం కలిగించడమూ తప్పు. పదేసి సెకన్లు ఆగడం అందుకే. మనం 71 మందిమి. ఆ పుట లక్షల పిల్లలది.

ఇదే విద్య అడ్డదారి పడితే ఏమవుతుందో రైలు టిక్కెట్ల విషయంలో మనమంతా చూచాము. మనిషి పేరు కొట్టేలోగా ప్రోగ్రాములు తత్కాల్ టిక్కెట్లు ఎగరేసుకు పోవడం వలన, 2025 జూలై 1 నుండి ఇంటర్నెట్టులో ఆ టిక్కెట్లు ఆధార్‌తో ధ్రువపరచుకొన్న వారికే ఇస్తామని రైల్వేవారు నియమం పెట్టవలసి వచ్చింది. పండుగకు ఊరికి పోదామనుకొన్న మామూలు కుటుంబాలే దాని వలన నష్టపోయినవి.

మరొకటి. పిల్లల సంఖ్యలు, పుట్టిన తేదీలు పరుల సొత్తు. ఆ పట్టిక సంఘం కంప్యూటరులో తాళం వేసి ఉంటుంది. దానిని ఎవరి ఫోనుకూ పంపము.

ఇక ముందు

ప్రోగ్రాము వ్రాసిన అబ్బాయి బెంగుళూరులో ఉన్నాడు. రేపు ఇంకెక్కడికైనా పోవచ్చు. ఒక్కరి చేతిలోనే పని ఉంటే ఏమవుతుందో మాకు ఒకసారి తెలిసివచ్చింది. అందుచేత ఇక్కడి కళాశాలలో చదువుతున్న మన పిల్లలు ఇద్దరికి అతడు సెలవులలో కూర్చోబెట్టి నేర్పాడు. పైథానులో ఆజ్ఞలు ఇంగ్లీషులోనే ఉన్నా, పక్కన వ్రాసుకొనే వివరణలు ఏ లిపిలోనైనా ఉండవచ్చు. మా ప్రోగ్రాములో ప్రతి మెట్టుకూ తెలుగులో వివరణ వ్రాయించాము. ఒడియా, ఇంగ్లీషు బడులలో చదివిన ఆ ఇద్దరు పిల్లలూ దాని కోసమని తెలుగు చదవడం కొంత గట్టిపరచుకొన్నారు. ఇది మేము అనుకోని లాభం.

నిరుడు 71 దరఖాస్తులలో అయిదు తిరిగి వచ్చాయి. అయిదూ గడువులోపలే సవరించి పంపాము. వెనుక నష్టపోయిన అమ్మాయి దరఖాస్తు ఈ అయిదింటిలో లేదు. బ్యాంకులో ఆమె పేరు ముందుగానే దిద్దించాము; వేతనం సక్రమంగా మంజూరయింది.

మాస్టారికి శనివారం పని తప్పలేదు. మునుపు ఆ మూడు గంటలూ తెర ముందు గడిచేవి. ఇప్పుడు అరగంటలో కాగితం చూచుకొని, అయిదు పేర్లు సరిచూచుకొని, ఎవరి దరఖాస్తు తిరిగి వచ్చిందో వారి యింటికి స్వయంగా పోతున్నారు. ఏ కాగితం కావాలో తల్లికి చెప్పి, కావలసివస్తే బ్యాంకుకు కూడా తోడు వెళుతున్నారు. ఆ పని చేసే ప్రోగ్రాము ఇంకా ఎవరూ వ్రాయలేదు.

ఇతర ఊళ్లలోని సంఘాలవారు ఎవరైనా ఇట్లాంటి పని చేత్తో చేస్తూ ఉంటే మాకు వ్రాయవలసిందిగా కోరుతున్నాము. పిల్లల పేర్లు తీసివేసి, ప్రోగ్రామును తెలుగు వివరణలతో సహా సంతోషంగా పంపుతాము. ప్రతి వారం చేత్తో చూడవలసిన అయిదు పేర్ల పని మాత్రం మీ ఊరివారే చూచుకోవాలి.